మొదలు వైపే నడిచే వెంట్రుక

ఊలుతో అల్లిన సంచిని వాషింగ్ మెషీన్‌లో వెయ్యబోయే ముందు టేపు పెట్టి కొలిచాను. నిలువు 52 సెంటీమీటర్లు, అడ్డం 46. చేపల వలలా వదులుగా ఉంది, లోపల చెయ్యి పెడితే వేళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. ముప్పావు గంట తరవాత తీసి మళ్ళీ కొలిస్తే నిలువు 35, అడ్డం 36. అల్లిక ఆనవాలే లేదు. దళసరిగా, దిట్టంగా, బల్ల మీద పెడితే దానంతట అది నిలబడేలా తయారైంది.

పక్కింటి మామ్మగారు చూసి, “ఏటమ్మా, అంత సంచీ ఇంతైపోనాది! మెషీను పాడు చేసీసిందేటి?” అన్నారు.

“లేదు మామ్మగారూ, ఇలా అవ్వాలనే వేశాను.”

ఆవిడ సంచిని అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి చూసి, “కంబళిలాగుందే” అన్నారు. ఆ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

కొత్త ఊలు స్వెటరు వేడినీళ్ళలో ఉతికి, చంటిపిల్లలకి కూడా పట్టని సైజులో తీసి బాధపడినవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ స్వెటరుకి జరిగిందీ నా సంచికి జరిగిందీ ఒకటే. దీన్ని ఫెల్టింగ్ అంటారు. నూనె లేక, దువ్వెన పడక జుట్టు ‘అట్టకట్టింది’ అంటాం కదా, నాకు ఆ మాటే నచ్చుతుంది. రెండు చోట్లా కారణం ఒక్కటే కాబట్టి.

ఆ కారణం చేతికి తెలియాలంటే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళినప్పుడు ఒక పండుగప్పని తల నుంచి తోకవైపు నిమిరి చూడండి. చెయ్యి జారిపోతుంది. తోక నుంచి తలవైపు నిమరండి, పొలుసులు వేళ్ళకి అడ్డం తగులుతాయి. గొర్రె బొచ్చులో ప్రతి పోగుకీ ఇలాంటి పొలుసులే ఉంటాయి. ఇంటికప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని, అంచులన్నీ కొసవైపు చూస్తుంటాయి. అవి కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారైనవి. మన వెంట్రుకలూ గోళ్ళూ కూడా అదే. మెరీనో గొర్రె ఊలు పోగు మందం 20 మైక్రాన్ల చుట్టుపక్కల, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అంత సన్నటి దాని మీద ఉన్న పొలుసులు కంటికి ఆనవు, కానీ వాటి పని మాత్రం కళ్ళారా చూడొచ్చు.

ఒక పొడవాటి తలవెంట్రుక తీసుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, వేళ్ళని వెంట్రుక పొడవునా ముందుకీ వెనక్కీ రుద్దండి. వెంట్రుక ఉన్నచోట ఉండదు, మెల్లగా ఒకవైపుకి పాకుతుంది. ఇప్పుడు దాన్ని తిప్పి పట్టుకుని మళ్ళీ రుద్దండి. ఈసారి రెండోవైపుకి పాకుతుంది. ఎలా పట్టుకున్నా మొదలు ముందు, కొస వెనక. మొదలు వైపు కదిలేటప్పుడు పొలుసులు ఒంటికి అణిగి దారి ఇస్తాయి, కొసవైపు లాగితే లేచి అడ్డుపడతాయి. చిన్నప్పుడు పొలం గట్ల మీద నడిస్తే పరికిణీ అంచుకి పట్టుకుని పైపైకి పాకే గడ్డిముళ్ళు గుర్తున్నవాళ్ళకి ఇది కొత్త కాదు. దయచేసి చదివి ఊరుకోకండి, చేసి చూడండి. నేను ఎన్నిసార్లు చేసినా నాకు ఆశ్చర్యం తగ్గలేదు.

మెషీన్‌లో జరిగేదీ ఇదే, కాకపోతే లక్షల పోగులతో ఒకేసారి. నీళ్ళు తగలగానే ఊలు పోగు ఉబ్బుతుంది. మందం దాదాపు 16 శాతం పెరుగుతుంది, పొడవు మాత్రం ఒక శాతం దగ్గర ఆగిపోతుంది. వేడికి పోగు మెత్తబడి సులువుగా వంగుతుంది. సబ్బు నీళ్ళని లోపలికి దిగనిస్తుంది, అందులోని క్షారం పోగుని ఇంకొంచెం ఉబ్బిస్తుంది. అయినా ఇవన్నీ ఏర్పాట్లే. వేడి సబ్బునీళ్ళలో రాత్రంతా కదపకుండా నానబెట్టినా సంచి అట్టకట్టదు. అసలు పని కదలికది. మెషీన్ తిప్పి, పిండి, రుద్దిన ప్రతిసారీ ఒక్కో పోగూ తన మొదలు వైపుకి రవ్వంత జరుగుతుంది. ఊలు దారంలో పోగుల మొదళ్ళు అన్నీ ఒకే దిక్కుకి ఉండవు. ఒకటి ఇటు జరిగితే పక్కది అటు జరుగుతుంది, మూడోది ఆ రెండిటి మధ్య దూరుతుంది. ఊలుకి పుట్టుకతో ఉన్న వంకర్లు సాగి మళ్ళీ ముడుచుకుంటూ పక్కవాటిని కూడా దగ్గరికి లాక్కుంటాయి. ముందుకి దారి ఉంది, వెనక్కి లేదు. అందుకే అట్టకట్టిన స్వెటరుని ఎంత సాగదీసినా పాత సైజుకి రాదు.

మరి వానలో తడిసిన గొర్రె ఎందుకు ముడుచుకుపోదు? తడి ఉంది, మందలో ఒకదాన్నొకటి రాసుకునే రాపిడీ ఉంది. కానీ దాని ఒంటి మీద ప్రతి పోగు మొదలూ చర్మంలో నాటుకుని ఉంది, ఎటూ వెళ్ళలేదు. పైగా అన్నీ ఒకే వరసలో పెరుగుతాయి, లానొలిన్ అనే జిడ్డు వాటికి రక్షణ. కత్తిరించి, కడిగి, కలగలిపి వడికినప్పుడే పోగుకి నడవడానికి స్వేచ్ఛ దొరుకుతుంది.

మన వీధుల్లో మైకు పెట్టుకుని చిక్కు వెంట్రుకలు కొనేవాళ్ళు తిరుగుతుంటారు కదా. ఆ వ్యాపారంలోనూ ఈ పొలుసుల లెక్కే నడుస్తుంది. తల మీద నుంచి కట్టగా కోసి, మొదళ్ళన్నీ ఒకవైపే ఉండేలా కట్టిన జుట్టుకి విగ్గుల వ్యాపారంలో రెమీ అని పేరు, ధర ఎక్కువ. దువ్వెనలో ఊడిన చిక్కులో మొదళ్ళూ కొసలూ కలిసిపోతాయి. దాన్ని అలాగే విగ్గు చేస్తే నాలుగు రోజుల్లో ఉండకడుతుంది. అందుకని సాధారణంగా ఆమ్లంతో పొలుసులు తీసేసి, పైన సిలికోన్ పూత వేస్తారు.

ఊలుకి కూడా ఇలాంటి వైద్యం ఉంది. సూపర్‌వాష్ అని రాసి ఉన్న ఊలుని సాధారణంగా క్లోరిన్‌తో శుద్ధి చేసి పొలుసుల అంచులు అరగదీస్తారు, పైన పల్చని పాలిమర్ పూత పూస్తారు. అది మెషీన్‌లో భేషుగ్గా ఉతుక్కోవచ్చు. సంచి అట్టకట్టించాలనుకునేవాళ్ళకి మాత్రం అది పనికిరాదు. క్లోరిన్ సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఇంట్లో వాడే బ్లీచ్ ఊలు మీద ఎప్పుడూ పొయ్యకండి. ఎక్కువసేపు ఉంటే ఊలు అందులో కరిగిపోతుంది.

నా మొదటి సంచి ఎందుకు ఓడిపోయిందో ఇక చెప్పొచ్చు. పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళినప్పుడు ఊలు ఉండలు కొన్నాను. ముదురు నీలం, మంచి మెరుపు. పది రోజులు అల్లాను. మూడుసార్లు వేడినీళ్ళలో తిప్పినా సంచి అంగుళం కూడా తగ్గలేదు, వేలాడిపోయింది. నాకు అల్లిక నేర్పిన హిమాచల్ ఆవిడ, అప్పట్లో నేవీ క్వార్టర్స్‌లో ఉండేవారు, ఒక పోగు తెంపి అగ్గిపుల్లతో కాల్చి చూపించారు. కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా అయింది. అది యాక్రిలిక్, పెట్రోలియం నుంచి వచ్చిన పోగు. మనం వాడుకలో ఊలు అనే దాంట్లో చాలావరకు ఇదే. తరవాత ఆవిడ తన కులూ ఊలు పోగు కాల్చారు. జుట్టు కాలిన వాసన వచ్చింది, మంట తీయగానే ఆరిపోయింది, బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోయింది. యాక్రిలిక్‌కి పొలుసులు లేవు. పత్తికీ లేవు, గోనెసంచి జనపనారకీ లేవు. పత్తిచొక్కా మొదటి ఉతుకులో పొట్టి అవుతుంది నిజమే, కానీ అది నేతలో పడ్డ బిగింపు సడలడం వల్ల. ఒకటి రెండు ఉతుకులకి ఆగిపోతుంది.

కోస్తాలో అసలు ఊలు దొరకడం కష్టం కావడానికి మన గొర్రెలు కూడా ఒక కారణం. నెల్లూరు గొర్రె ఒంటి మీద ఉన్నది పొట్టి వెంట్రుకే, ఊలు కాదు. దాన్ని పెంచేది మాంసానికి. ఊలు కావాలంటే తెలంగాణ, రాయలసీమ పీఠభూమిలో తిరిగే దక్కనీ గొర్రె దగ్గరికి వెళ్ళాలి. కురుమలు నేసే గొంగళి దాని బొచ్చే. పడుగుకి చింతగింజల గంజి పట్టించి నేస్తారు. ముతక ఊలు, చర్మానికి గుచ్చుకుంటుంది, కానీ వానలో కాపరికి గొడుగూ అదే, రాత్రికి పడకా అదే. మామ్మగారు నా సంచిని కంబళితో పోల్చడంలో తప్పేమీ లేదు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు అన్న సామెత పుట్టింది ఆ బట్ట దగ్గరే.

ఈ పని మెషీన్‌కి ముందు కాళ్ళది. యూరప్‌లో నేసిన ఊలుబట్టని తొట్టెలో వేసి మనుషులు తొక్కేవారు. వాకర్ అన్న ఇంటిపేరు ఆ తొక్కుడు పని నుంచి వచ్చిందే. ఆ పనివాళ్ళకి ఫుల్లర్లని ఇంకో పేరు. ఊలులోని జిడ్డు తీయడానికి వాళ్ళు వాడిన మట్టి ఫుల్లర్స్ ఎర్త్, మనం మొహానికి రాసుకునే ముల్తానీ మట్టి ఆ జాతిదే.

చెయ్యాలనుకునేవాళ్ళకి నా అనుభవం చెబుతాను. ఈ పనికి మన పాత సెమీ ఆటోమేటిక్ మెషీన్ బంగారం. ఎప్పుడంటే అప్పుడు మూత తీసి చూడొచ్చు. ముందు తలుపు మెషీన్‌లో నీళ్ళుండగా తలుపు తెరుచుకోదు, ఐదు నిమిషాలు ఆలస్యమైతే సంచి కాస్తా పర్సు అవుతుంది. ఉన్నివస్త్రాలకని ఇచ్చే ఊల్ మోడ్ మన పనికి రాదు, అది కదలికని తగ్గించడానికి పెట్టినది. అల్లేటప్పుడే మామూలుకన్నా రెండు మూడు సైజులు పెద్ద సూదులు వాడండి, పోగులు నడవడానికి చోటు కావాలి. ముందు పది సెంటీమీటర్ల నమూనా ముక్క అల్లి తిప్పి చూసుకోండి. సంచిని దిండు గలీబులో వేసి మూతి కట్టండి, లేకపోతే రాలిన బొచ్చు గొట్టానికి అడ్డుపడుతుంది. రాపిడికి రెండు పాత జీన్స్ చాలు. తువ్వాళ్ళు వద్దు, వాటి నూగు ఊలులో ఇరుక్కుంటే ఇక రాదు. గీజర్ నీళ్ళు పొయ్యండి. బట్టల సబ్బు తురుము ఒక చెంచా. నురగ ఎక్కువైతే పోగులు జారిపోయి రాపిడి తగ్గుతుంది. మా బోరు నీళ్ళలో సబ్బు విరిగి తెట్టు కట్టింది, అది కాల్షియం, మెగ్నీషియం పని. అందుకే కుళాయి నీళ్ళు పట్టి వాడాను.

ఆరబెట్టడమే విశాఖలో కష్టం. ఊలు తన బరువులో మూడోవంతు దాకా తేమ పీల్చుకుని కూడా ముట్టుకుంటే తడి తెలియనివ్వదు, ఇక్కడ గాలిలో తేమకి కొదవ లేదు. స్టీలు బిందె బోర్లించి దానికి సంచి తొడిగి ఫ్యాన్ కింద పెట్టాను. మూడు రోజులు పట్టింది.

నాలుగో రోజు తోలు పట్టీలు వెయ్యడానికి కత్తెర తీశాను. మామ్మగారు అక్కడే ఉన్నారు. “కత్తిరించకమ్మా, అల్లికంతా ఊడిపోద్ది” అని చెయ్యి అడ్డం పెట్టారు. ఊడదని చెప్పి, మూతి దగ్గర రెండువైపులా రెండంగుళాల చీలికలు కోశాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, కోసిన అంచుని గోటితో పట్టి ఒకసారి, మళ్ళీ ఇంకోసారి గట్టిగా లాగారు. ఒక్క పోగు కూడా ఊడి రాలేదు.