200 డిగ్రీల గాలి, 180 డిగ్రీల ఉక్కు

హైదరాబాద్ బాలానగర్‌లో పౌడర్ కోటింగ్ (లోహం మీద రంగు పొడి చల్లి, ఓవెన్‌లో కరిగించి పూతగా మార్చడం) షెడ్ నడిపే పాఠకుడొకరు అడిగారు: "బ్యాచ్ ఓవెన్ కొనాలా, కన్వేయర్ ఓవెన్ కొనాలా? ఇన్‌ఫ్రారెడ్ అయితే పని త్వరగా అవుతుందంటున్నారు, నిజమేనా?" బ్యాచ్ ఓవెన్‌లో సరుకును ఒక విడతగా పెట్టి తలుపు మూస్తారు, కన్వేయర్‌లో అది వేడి సొరంగం గుండా కదులుతూ పోతుంది. దీనికి ముందు నేను అడిగేది ఒక్కటే. మీ జాబ్ (పూత వేయాల్సిన వస్తువు) మందం ఎంత?

చాలా పౌడర్లు కరిగి గట్టిపడాలంటే లోహం 180 డిగ్రీల దాకా వేడెక్కి, ఆ వేడి మీద ఓ 10 నిమిషాలు ఉండాలి. లోహం వేడెక్కాలి. డిస్‌ప్లే మీద కనిపించేది గాలి వేడి.

ఇరానీ చాయ్ సాసర్లో పోస్తే ఎందుకు త్వరగా చల్లారుతుంది? పొర పలచబడింది, గాలికి తగిలే మేర పెరిగింది. ఊదితే చాయ్ మీద పేరుకున్న వేడి గాలి పక్కకు పోయి ఇంకా త్వరగా చల్లారుతుంది. ఓవెన్‌లో ఇదే తిరగబడి జరుగుతుంది: ఊదే పని బ్లోయర్‌ది, సాసర్ లోతు రేకు మందం.

లెక్క వేసి చూద్దాం. 1 మిల్లీమీటరు ఉక్కు రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. అది ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 3,850 జౌళ్లు కావాలి. బ్లోయర్ గాలి ఒక్కో వైపు నుంచి, ఒక్కో డిగ్రీ తేడాకు 30 వాట్లు ఇస్తుందనుకుందాం. రెండు వైపులా 60. భాగిస్తే 64 సెకన్లు. అంటే ప్రతి 64 సెకన్లకు గాలికీ రేకుకూ మధ్య తేడా 37 శాతానికి పడిపోతుంది. 200 డిగ్రీల గాలిలో రేకు 30 నుంచి 180కి చేరడానికి 2 నిమిషాల 20 సెకన్లు చాలు. అదే 10 మిల్లీమీటర్ల ప్లేటుకైతే 23 నిమిషాలు! బడిలో ఉష్ణ ప్రసారానికి మూడు నిర్వచనాలు బట్టీ పట్టించే బదులు ఈ ఒక్క లెక్క చేయిస్తే ఎంత బాగుంటుందో.

కన్వేయర్ పొడవు కూడా ఇక్కడే తేలుతుంది: వేడెక్కే సమయానికి ఆ 10 నిమిషాలు కలపాలి. నిమిషానికి ఒక మీటరు నడిస్తే పలచని రేకుకు 13 మీటర్ల లోపు వేడి సొరంగం సరిపోతుంది. మందపాటి ప్లేటుకు 33 మీటర్లు కావాలి. బాలానగర్ షెడ్లలో అంత జాగా ఎక్కడుంది?

ఇన్‌ఫ్రారెడ్ ఎమిటర్‌కు (వేడిని కిరణాలుగా, అంటే వికిరణంగా పంపే హీటర్) గాలితో పనిలేదు. వికిరణం కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి, 1000 డిగ్రీల ఎమిటర్ 200 డిగ్రీల గోడ కంటే అదే వైశాల్యానికి దాదాపు 52 రెట్లు వెదజల్లుతుంది. అయితే అది సూటిగా కనిపించిన చోటే వేడి చేస్తుంది. చానెల్ (U ఆకారపు ఉక్కు కమ్మీ) లోపలి మూల, పైపు వెనకవైపు పచ్చిగానే మిగిలిపోతాయి.

కోటింగ్ ఊడితే దిష్టి తగిలిందని ఓవెన్‌కు నిమ్మకాయలు కట్టేవాళ్లున్నారు. ఆయుధపూజ భక్తిగా చేసుకోండి, కానీ ఊడిన జాబ్ మందం కొలవకుండా వదలొద్దు.

రోజుకో రకం గేటు, బ్రాకెట్ వచ్చే జాబ్ వర్క్ అయితే మంచి బ్లోయర్ ఉన్న బ్యాచ్ ఓవెన్ తీసుకోండి. రోజూ ఒకే రకం చదును ప్యానెళ్లు వందల్లో వస్తుంటే కన్వేయర్, దాని మొదట్లో ఇన్‌ఫ్రారెడ్. ఏది కొన్నా థర్మోకపుల్‌ను (ఉష్ణోగ్రత కొలిచే తీగ) అన్నిటికంటే మందపాటి జాబ్‌కు తగిలించండి, టైమర్ అది 180 చూపించాకే మొదలుపెట్టండి. పలచనివీ మందపాటివీ ఒకే లోడ్‌లో వేలాడదీయకండి. ప్లేటు ఉడికేసరికి రేకు మీది తెలుపు పసుపుపచ్చగా మారిపోవచ్చు.