ముందు వెలుతురు, ఆ తర్వాతే పాస్‌వర్డు

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ తాతయ్య దీవెనలు.

మీ కొత్త ఇంటికి ఫైబర్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినాయన పూటంతా పని చేశాడనీ, అందులో వైఫై పేరు, పాస్‌వర్డు పెట్టడానికి పట్టింది ఐదు నిమిషాలేననీ చెప్పారు. మరి మిగతా సేపంతా ఏం చేశాడు తాతయ్యా అని అడిగారు. నా ఉద్యోగమంతా ఈ లైన్ల మీదే గడిచింది. నా ఇంటి పిల్లలే ఈ ప్రశ్న అడిగితే నాకెంత సంతోషమో! ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకని రాస్తున్నాను.

మీ గోడ మీద బిగించిన డబ్బాను ఓఎన్‌టీ అంటారు. దానికి మొట్టమొదట కావాల్సింది వెలుతురు. అది సరిపడా చేరకపోతే ఏ సెట్టింగు పెట్టినా దండగే. ఆయన పూటంతా పడ్డ పాట్లు ఆ వెలుతురు కోసమే.

అది బయలుదేరేది కంపెనీవాళ్ల ఎక్స్‌ఛేంజిలో. అక్కడ ఓఎల్‌టీ అనే పెద్ద పెట్టె ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి ఒకే ఒక్క ఫైబర్, అంటే వెలుతురును మోసే సన్నటి గాజు పోగు బయటికొచ్చి, దారిలో స్ప్లిటర్ దగ్గర 32 ఇళ్లకో 64 ఇళ్లకో చీలుతుంది. స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, లోపల ఉన్నది గాజే. కాకపోతే పంచుకున్నకొద్దీ ఎవరి వాటా వాళ్లకు తగ్గుతుంది. రెండుగా చీలిస్తే ఒక్కోదానికి సగం. దాన్నే మేం 3 డీబీ లాస్ అంటాం. 32 ఇళ్లంటే ఐదుసార్లు సగం చేసినట్టు. కాగితం మీద 15 డీబీ, నిజానికి 17 దాకా పోతుంది. ఓఎల్‌టీ ప్లస్ 3 డీబీఎం (ఒక మిల్లీవాట్‌ను సున్నాగా పెట్టుకుని చెప్పే వెలుతురు కొలత) పంపిందనుకోండి. స్ప్లిటర్‌లో 17, దారి పొడవునా ఫైబర్‌లో ఒక 2, జాయింట్లకూ కనెక్టర్లకూ ఇంకో 2 పోగా మీ ఇంటికి మైనస్ 18 చేరుతుంది. అది చక్కటి సిగ్నల్. మామూలుగా వాడే రకం ఓఎన్‌టీ మైనస్ 27 దాకా తట్టుకుంటుంది. అంటే ఒక మిల్లీవాట్‌లో 500వ వంతు! అంత పిసరు వెలుతురులోంచి మీ ఆన్‌లైన్ క్లాసంతా ఏరుకుంటుంది. ఇన్నేళ్లయినా నాకిది అబ్బురంగానే ఉంటుంది.

ఇంకో ముచ్చట చెప్పాలి. రావడానికీ పోవడానికీ అదే ఫైబర్. మీ ఇంటికి వచ్చే వెలుతురు అల పొడవు 1490 నానోమీటర్లు, మీ ఇంటి నుంచి పోయేదానిది 1310. రంగు తేడా అన్నమాట, కానీ రెండూ మన కంటికి కనిపించవు. ఒకే గాజులో ఎదురెదురుగా పోతున్నా ఒకదానికొకటి అడ్డురావు. వచ్చేది అన్ని ఇళ్లకూ వస్తుంది, ఎవరిది వాళ్ల డబ్బా మాత్రమే విప్పుకుంటుంది. పంపేటప్పుడే చిక్కు. 32 ఇళ్లూ ఒకేసారి పంపితే అంతా కలగాపులగం. అందుకని ఓఎల్‌టీ ఒక్కో ఇంటికి ఒక్కో చిన్న వంతు ఇస్తుంది. గాజులో వెలుతురు కిలోమీటరు పోవడానికి 5 మైక్రోసెకన్లు పడుతుంది. దగ్గరి ఇంటిది ముందే వచ్చేస్తుంది, దూరపు ఇంటిది ఆలస్యమవుతుంది. కాబట్టి ఓఎల్‌టీ ఒక్కో ఇంటి దూరం కొలిచి, దగ్గరున్న డబ్బాను కాస్త ఆగి పంపమంటుంది. డబ్బా ఆన్ చేసిన కొత్తలో పాన్ (PON) అని రాసి ఉన్న లైటు కాసేపు మెరిసి, తర్వాత నిలకడగా వెలుగుతుంది చూడండి. ఆ మెరిసే వేళలో జరిగే పనుల్లో ఈ కొలత ఒకటి.

ఇక ఆయన నేల మీద కూర్చుని చేసిన పనికి వద్దాం. దాన్ని స్ప్లైసింగ్ అంటారు, అంటే రెండు గాజు పోగులను కరిగించి అతకడం. పోగు మందం పై పొర తీసేశాక 0.125 మిల్లీమీటర్లు. అందులో వెలుతురు నడిచే నడిమి భాగం 9 మైక్రాన్లే. ఒక పోగు నడిమి భాగం ఇంకో పోగు నడిమి భాగానికి సూటిగా తగలాలి. ముందు ఒక పోగుకు, తర్వాత అతుకును కాపాడే చిన్న స్లీవ్ తొడుగుతారు. తొడగడం మరిచిపోతే అతికాక తొడగలేం, మళ్లీ కోసి మొదటి నుంచి చేయాల్సిందే. స్ట్రిప్పర్‌తో పొర తీసి, ఆల్కహాల్‌లో తడిపిన టిష్యూతో తుడుస్తారు. శుభ్రంగా తోమిన గాజు గ్లాసు మీద వేలు రాస్తే కిచకిచమంటుందే, సరిగ్గా తుడిచిన ఫైబర్ కూడా అలాగే సన్నగా కిచకిచమంటుంది. ఆ చప్పుడు వినాలి. ఆ తర్వాత క్లీవర్‌తో నిటారుగా కోసి, రెండు కొసలనూ మెషీన్‌లో పెడితే తెర మీద అవి పెద్దవిగా కనిపిస్తాయి. కొస వంకరగా ఉన్నా, దుమ్ము కణం ఉన్నా మెషీన్ ఒప్పుకోదు. అన్నీ బాగుంటే చిటుక్కున ఒక నిప్పురవ్వ, అంతే, అతుక్కుంటాయి. తెర మీద 0.02 డీబీ లాస్ అని పడితే ఆ పనివాడి మొహం చూడాలి! ఫ్యాన్ ఎందుకు ఆపమన్నాడని అడిగారు. దుమ్ము ఎగరకూడదని. కోసిన గాజు ముక్కలను ఆయన సీసాలో వేసుకెళ్లాడంటే మంచి పనివాడని అర్థం. ఆ ముక్కలు కాలిలో గుచ్చుకుంటే కంటికి కనపడవు, బయటికి తీయడం కష్టం.

ఆకుపచ్చ కనెక్టరును, నీలం కనెక్టరును ఎప్పుడూ కలపకండి. ఆకుపచ్చ దాని కొస 8 డిగ్రీల వాలుగా ఉంటుంది, నీలం దానికి ఆ వాలు ఉండదు. రెండూ కలిపితే మధ్యలో సందు మిగిలి సిగ్నల్ పడిపోతుంది.

వెలుతురు చేరిందని పవర్ మీటర్‌తో చూశాకే ల్యాప్‌టాప్ తీస్తారు. డబ్బా సీరియల్ నంబరును ఓఎల్‌టీలో నమోదు చేస్తారు. కంపెనీ చెప్పిన వీలాన్ నంబరు (మీ నెట్ వాళ్ల నెట్‌వర్క్‌లో ఏ దారిన పోవాలో చెప్పేది), మీ యూజర్ నేమ్ ఎక్కిస్తారు. డబ్బాతో వచ్చిన పాత అడ్మిన్ పాస్‌వర్డు తప్పకుండా మార్పించండి, అదే వదిలేస్తే ఎవరైనా లోపలికి రావచ్చు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటితే బాగా బలహీనపడుతుంది. పక్క గదిలో 2.4 వాడుకోండి.

మన దగ్గర ఫైబర్ వేసిన తీరూ రెండు రకాలు. ఆంధ్రలో ఏపీ ఫైబర్‌నెట్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా లాగారు. తెలంగాణలో టీ-ఫైబర్‌కు మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకాలు అక్కరకొచ్చాయి. స్తంభాల మీద త్వరగా అయిపోతుంది, తెగితే కంటికి కనిపిస్తుంది. కానీ కోస్తా తుఫాను గాలి ఎరిగినవాణ్ణి కనుక, వీలున్నచోట భూమిలోనే వేయమంటాను నేను. అక్కడ జేసీబీలతో జాగ్రత్త పడితే చాలు.

ఒకవేళ నెట్ పోయి, లాస్ (LOS, అంటే సిగ్నల్ అందడం లేదని) అని రాసి ఉన్న లైటు ఎర్రగా మెరుస్తోందనుకోండి. రీసెట్ బటన్ మాత్రం నొక్కకండి. వెలుతురు అందక ఎర్ర లైటు వస్తే రీసెట్ ఏం చేస్తుంది? ఉన్న సెట్టింగులు కూడా పోతాయి. బీరువా వెనకాల తీగ నలిగిందేమో, చిన్న చుట్టగా బిగించి కట్టేశారేమో చూడండి. పసుపు తీగను వేలికి చుట్టుకుని ఆడకండి. ఊడిన కొసను కంటి దగ్గర పెట్టుకుని అస్సలు చూడొద్దు. కంప్లయింట్ చేసేటప్పుడు "నెట్ రావట్లేదు" అని ఊరుకోకుండా "లాస్ లైటు ఎర్రగా ఉంది" అని చెప్పమని అమ్మతో అనండి. అలా చెబితే వచ్చేవాళ్లు పవర్ మీటరూ, స్ప్లైసింగ్ మెషీనూ వెంట తెచ్చుకుంటారు.

మీ తాతయ్య