దీవి మునగడం తర్వాత, ముందు బావి సంగతి చూడండి

ఏ తుఫాను వార్త వచ్చినా మా పెద్దమ్మ ఫోన్‌లో అడిగే మొదటి మాట, "ఒరేయ్, మీ దీవి ఉందా?" ఆవిడ భయం ఆవిడది, తప్పుపట్టను. మాల్దీవుల్లో తాగునీటి పనుల మీద తిరిగే నాకు ఆ భయాన్ని పెంచి పోషించే వాట్సాప్ ఫార్వర్డుల మీదే ఒళ్ళు మంట.

అపోహ: దీవి మునిగిన రోజే ప్రమాదం, అప్పటిదాకా ఢోకా లేదు.

వాస్తవం: నేల మునగడానికి చాలా ముందే బావి ఉప్పెక్కుతుంది. పగడపు ఇసుకలోకి ఇంకిన వాననీరు కిందున్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. పుస్తకం లెక్కలో ఆ మంచినీరు సముద్రమట్టానికి అడుగు ఎత్తున ఉంటే, కింద 40 అడుగుల లోతు ఉండాలి. ఇక్కడ అలల పోటుకు రెండు నీళ్ళూ కలిసిపోయి, పొర అంతకంటే చాలా పల్చన. మోటారుతో అతిగా తోడినా, పెద్ద కెరటం గట్టు దాటొచ్చి ఊళ్ళో ఇంకినా అంతే సంగతులు. 2004 సునామీలో నీళ్ళు వెనక్కి పోయాయి గానీ ఎన్నో దీవుల బావుల్లో ఉప్పు మిగిలిపోయింది. సముద్రమట్టం పెరిగేకొద్దీ మామూలు తుఫాను కెరటాలకే గట్టు దాటడం తేలికవుతుంది.

ఒక దీవిలో ఓ ముసలావిడ పొడవాటి కర్రకు కట్టిన డబ్బాతో నీళ్ళు తోడిచ్చింది. నీళ్ళలో ఉప్పు ఎంతో చెప్పే ఈసీ మీటరు ముంచి, అంకె నిలబడుతుందేమోనని చూస్తున్నాను. ఆవిడ రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని, తల అడ్డంగా ఊపి లోపలికెళ్ళిపోయింది. మీటరు ఆ తర్వాత చెప్పింది. పెరట్లో సీమపనస ఆకులు అంచుల్లో మాడిపోయి ఉన్నాయి. ఆ ఇంటి స్థలం ఒక్క అంగుళం కూడా సముద్రంలో కలవలేదు. కోనసీమ తీరంలో బావులు చెడిన ఊళ్ళవాళ్ళకు ఇది నేను చెప్పాలా!

మునుగుడు గురించే మాట్లాడితే డబ్బంతా సముద్రానికి అడ్డుకట్టే గోడకు పోతుంది. వాననీటి ట్యాంకు, పైకప్పు గొట్టం, బావి పక్కనే ఉన్న సెప్టిక్ ట్యాంకు ఎవరికీ పట్టవు. ఎండాకాలం వచ్చేసరికి కొన్ని దీవులు నీళ్ళ పడవ కోసం ఎదురుచూస్తాయి.

మిగతావి గబగబా. "మాల్దీవులు 30 ఏళ్ళలో మునుగుతాయని 1988లోనే అన్నారు, మునిగాయా?" ఆ గడువు తప్పు, ఉప్పు నిజం. "దీవులన్నీ తరిగిపోతున్నాయి" అనీ కాదు: 1971-2014 మధ్య పసిఫిక్‌లోని దీవుల దేశం తువాలులో నేల మొత్తం మీద 2.9 శాతం పెరిగిందని కొలిచారు. కెరటాలే ఇసుక తెచ్చి వేస్తాయి, బావుల్ని మాత్రం బాగుచెయ్యవు.

"బుల్లి దీవుల దేశాలకు ఉద్గారాలు తగ్గించే లక్ష్యాలెందుకు?" ప్రపంచ ఉద్గారాల్లో వీళ్ళందరి వాటా 1 శాతం లోపే, నిజమే. కానీ 2015 ప్యారిస్ ఒప్పందంలోకి భూమి వేడి పెరుగుదలను 1.5 డిగ్రీల దగ్గర ఆపాలనే మాట ఎక్కడంలో ఈ దీవుల కూటమి పట్టుదల చాలా ఉంది. బయటి సాయం అందితే 2030కి నెట్ జీరో (గాల్లోకి వదిలే ఉద్గారాలు, తొలగించేవి సరిసమానం) అని మాల్దీవులు 2020లో చెప్పింది. ఆ "అందితే" దగ్గరే బండి ఆగుతోంది. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ఆర్వో ప్లాంటు ఇక్కడ ఎక్కువగా డీజిల్ కరెంటుతోనే నడుస్తుంది. 2014 డిసెంబరులో రాజధాని మాలేలో ఆ ప్లాంటు తగలబడితే లక్షమందికి పైగా కుళాయిలు ఎండిపోయాయి, ఇండియా విమానాల్లో నీళ్ళు పంపింది.

ఇక్కడికి టీచరు ఉద్యోగానికి వస్తూ "సార్, మునిగిపోతుందా?" అని టెన్షన్‌తో ఫోన్ చేసే మనవాళ్ళకు ఒకటే చెబుతాను: క్వార్టర్స్‌లో వాన ట్యాంకు ఎన్ని లీటర్లో, మార్చిలో నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో అడగండమ్మా.