మెగ్వైర్ కార్డు ఎందుకు చవకైంది?

పిల్లలూ,

మొన్న సెలవులకి పిట్స్‌బర్గ్ వచ్చినప్పుడు నా బేస్‌బాల్ కార్డులన్నీ డైనింగ్ టేబుల్ మీద పరిచారు కదా, అప్పుడు చిన్నోడు ఒకటి పట్టుకుని "తాతయ్యా, ఈయన అన్ని హోమ్ రన్లు కొట్టాడుగా, మరి కార్డు ఇంత చవకేంటి?" అని అడిగాడు. గుడికి టైమైపోతోందని సరిగ్గా చెప్పలేకపోయాను. మంచి ప్రశ్న, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

వాడు పట్టుకున్నది మార్క్ మెగ్వైర్ కార్డు, టాప్స్ అనే కంపెనీ 1985లో అచ్చేసింది. అప్పటికి ఆయన ఇంకా అమెరికాలో పెద్ద జట్లు ఆడే మేజర్ లీగ్‌లోకి రాలేదు, కార్డు మీద అమెరికా ఒలింపిక్ జట్టు ఆటగాడిగా ఉంటాడు. 1998లో ఒకే సీజన్‌లో 70 హోమ్ రన్లు, అంటే క్రికెట్ సిక్సర్ల లాంటివి, కొట్టి, 1961 నుంచి ఎవరూ దాటని 61 రికార్డుని దాటేశాడు. ఆ వేసవిలో ఆ కార్డు కోసం జనం ఎగబడ్డారు, నేనూ నెల కిరాణా ఖర్చంత పెట్టి కొన్నాను. తర్వాత ఆయన స్టెరాయిడ్లు, అంటే ఒంట్లో బలం పెంచే మందులు, వాడాడన్న మాట బయటికొచ్చింది, 2010లో ఆయనే ఒప్పుకున్నాడు, గొప్ప ఆటగాళ్లని ఎన్నుకుని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగులో పదేళ్లు పేరున్నా లోపలికి రానివ్వలేదు. నా కార్డు మాత్రం కవర్లోంచి బయటికే రాలేదు, మూలలు ఇప్పటికీ సూదిలా ఉన్నాయి. ఆ రోజుల్లో కంపెనీలు కార్డుల్ని లెక్కలేనన్ని అచ్చేశాయి, అందుకే రేటు పడిందని కొందరంటారు, అదీ నిజమే. కానీ 1998లోనూ అన్నేసి కార్డులు ఉన్నాయిగా, అప్పుడెవరూ దాన్ని పట్టించుకోలేదు. మధ్యలో మారింది ఆయన మీద జనానికున్న నమ్మకం.

ఇప్పుడు రాబర్టో క్లెమెంటే సంగతి చూడండి. మన ఊరి జట్టు పైరేట్స్ ఆటగాడు. 1955 టాప్స్ ఆయన మొదటి కార్డు, అడ్డంగా ఉంటుంది, ఒక పక్క పెద్ద ముఖం, పక్కనే ఆడుతున్న చిన్న బొమ్మ, కింద సంతకం అచ్చు. ఆ కార్డు మీద పేరు రాబర్టో అనే ఉంది. కానీ నా దగ్గరున్న 1960ల కార్డుల మీద చూడండి, "బాబ్ క్లెమెంటే" అని ఉంటుంది. ప్యూర్టో రికో మనిషికి అమెరికా వాళ్ల నోటికి వీలైన పేరు తగిలించారు. అది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది, మన పేర్లని కూడా ఇలాగే కత్తిరించారు కాబట్టి.

1972 చివర్లో నికరాగువాలో భూకంపం వచ్చింది. పంపిన సామాను జనానికి చేరడం లేదని తెలిసి, తనే వెళ్తే దారి తప్పదని డిసెంబర్ 31న విమానమెక్కాడు. అది సముద్రంలో కూలిపోయింది. అప్పటికి ఆయన హిట్లు, అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరినవి, సరిగ్గా 3,000. ఆట మానేశాక మామూలుగా ఐదేళ్లు ఆగాల్సిన హాల్ ఆఫ్ ఫేమ్, ఆయన కోసం ఆ నియమాన్ని పక్కనపెట్టి 1973లోనే చేర్చుకుంది. ఆయన కంటే ఎక్కువ హిట్లు కొట్టినవాళ్లున్నారు, కానీ ఆ 1955 కార్డు కోసం తపించినంతగా వాళ్లలో చాలామంది కార్డుల కోసం ఎవరూ తపించరు. కొనేవాళ్లు ఆటతో పాటు ఆ విమానాన్ని కూడా తలుచుకుంటారు.

అలాగని చెడ్డపేరొస్తే రేటు పడిపోతుందని లెక్క కట్టేయకండి. షూలెస్ జో జాక్సన్ అనే పాతకాలపు ఆటగాడున్నాడు. డబ్బు తీసుకుని 1919 వరల్డ్ సిరీస్, అంటే ఆ ఏటి ఛాంపియన్‌షిప్ పోటీ, కావాలని ఓడిపోయారన్న కుమ్మక్కు కేసులో జ్యూరీ ఆయన్ని నిర్దోషి అన్నా, 1921లో ఆట నుంచి జీవితాంతం నిషేధించారు. ఆయన పాత కార్డులు చాలా తక్కువ, దొరికితే మాత్రం బంగారమే. ఎందుకంటే ఆ సిరీస్‌లో ఆయన బ్యాటింగ్ సగటు .375, అది చాలా ఎక్కువ, అలా ఆడినవాడు అమ్ముడుపోయాడంటే నమ్మలేనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అన్యాయం జరిగిందేమోనన్న అనుమానానికి కూడా జనం డబ్బు పెడతారు. నిషేధించిన జాబితా నుంచి ఆయన పేరు 2025లో తీసేశారు, అప్పటికి ఆయన పోయి 70 ఏళ్లు దాటింది.

అదే రోజు పీట్ రోజ్ అనే ఇంకో ఆటగాడి పేరు కూడా తీసేశారు. 4,256 హిట్లు, మేజర్ లీగ్‌లో ఎవరికీ లేనన్ని. బేస్‌బాల్ మీద పందేలు కాశాడని 1989లో బయటికి పంపారు, ఏళ్ల తరబడి కాదు కాదని చివరికి 2004లో ఒప్పుకున్నాడు. నాకు ఆయన ఆటంటే చాలా ఇష్టం, ఆ అబద్ధమే మింగుడుపడలేదు. ఆయన 1963 కార్డు మీద నాలుగు చిన్న తలలుంటాయి, నలుగురు కొత్త ఆటగాళ్లు. ధర మొత్తం అందులో ఒక్క తలదే.

మీ పక్కింటాయన ఇచ్చిన పెట్టెలో అలాంటి నాలుగు తలల కార్డుందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంబరపడిపోయి ఎవరికీ అమ్మేయకండి, దానికి దొంగ కార్డులు బోలెడు వచ్చాయి. వేళ్లతో ముఖాల మీద ముట్టుకోకుండా అంచులు పట్టుకుని తీసి, వెనకా ముందూ ఫొటోలు తీసి పంపండి, భూతద్దం పెట్టుకుని చూస్తాను.

ప్రేమతో,
తాతయ్య