రూటింగ్ టేబుల్లో కనిపించే ఆ టైమ్: అపోహలు - వాస్తవాలు

వైజాగ్ ద్వారకానగర్‌లో కోచింగ్ ముగించుకుని నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్లల దగ్గర్నుంచి, పదేళ్ల సర్వీసున్న ఐటీ ఇన్‌ఛార్జిల దాకా అందరూ నన్ను అడిగేది ఒకటే. "షో ఐపీ రూట్ కొడితే ఆ టైమ్ పెరిగిపోతోందండి. రూట్ పాతబడిపోయినట్టేనా? క్లియర్ కొట్టేయనా?" ఈ నెలలోనే మూడుసార్లు విన్నాను. మూడోసారి ఫోన్ వచ్చేసరికి క్లియర్ కొట్టేశారు కూడా. అందుకే ఈ పోస్టు. షో ఐపీ రూట్ అంటే ఏ నెట్‌వర్క్‌కి ఏ దారిన (రూట్) వెళ్లాలో రౌటర్ రాసుకున్న పట్టికని, అంటే రూటింగ్ టేబుల్‌ని చూపించే కమాండ్. ఆ టైమ్ ఒక్కో రూట్ లైనులో కనిపిస్తుంది. క్లియర్ అంటే నేర్చుకున్నది తుడిచేసి మళ్లీ నేర్చుకోమని రౌటర్‌కి చెప్పడం.

అపోహ: టైమ్ ఎంత పెద్దదైతే రూట్ అంత పాతది. క్లియర్ చేస్తే తాజాది వస్తుంది.

కాదు. ఆ గడి ఒకటే గానీ దాని అర్థాలు రెండు. లైను మొదట్లో ఏ అక్షరం ఉందో చూడకుండా టైమ్ చదవొద్దు.

మొదట ఆర్ ఉంటే అది రిప్ రూట్. రిప్ అంటే రౌటర్లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే ఒక పద్ధతి. పక్క రౌటర్ ఆ రూట్ గురించి చివరిసారి చెప్పి ఎంతసేపైందో ఆ టైమ్ చెబుతుంది. రిప్ 30 సెకన్లకోసారి టేబుల్ మొత్తం పంపుతుంది కాబట్టి 00:00:26 దాకా పెరగడం, మళ్లీ 00:00:01కి రావడం మామూలే. 40, 50 చూపిస్తే ఒక అప్‌డేట్ తప్పిపోయింది. 00:02:40 చూపిస్తే నిజంగానే కంగారు పడాలి, ఇంకో 20 సెకన్లలో అది పాజిబ్లీ డౌన్, అంటే చెల్లని రూట్ అయిపోతుంది. అప్పుడు కూడా క్లియర్ కొట్టి లాభం లేదు. అవతలి రౌటర్ మాట్లాడటం మానేసింది, చూడాల్సింది దాన్ని, మధ్యలో ఉన్న లింకుని.

మొదట ఓ ఉంటే అది ఓఎస్‌పీఎఫ్, రూట్లు నేర్చుకునే ఇంకో పద్ధతి. ఇక్కడ ఆ టైమ్‌కి అర్థం, ఈ రూట్ టేబుల్లో చివరిసారి మారి ఎంతసేపైంది అని. మూడు వారాలు చూపిస్తే మూడు వారాలుగా ఆ దారి కదల్లేదన్నమాట. అది జబ్బు కాదు, ఆరోగ్యం. బీజీపీ, ఈఐజీఆర్‌పీ అనే మిగతా పద్ధతుల రూట్లకూ ఇదే లెక్క.

"మరి ఎల్‌ఎస్‌ఏ ఆయుష్షు 3600 సెకన్లే కదండీ, రూట్ మూడు వారాలు ఎలా ఉంటుంది?" అని తెలివైన పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. ఎల్‌ఎస్‌ఏ అంటే ఓఎస్‌పీఎఫ్ రౌటర్ తన లింకుల గురించి మిగతావాటికి పంపే సమాచారం. ఎల్‌ఎస్‌ఏని పుట్టించిన రౌటరే ప్రతి 1800 సెకన్లకీ సీక్వెన్స్ నంబర్ పెంచి మళ్లీ పంపుతుంది. లోపలి విషయం మారలేదు కాబట్టి రూట్‌ని ఎవరూ ముట్టుకోరు, దాని టైమ్ అలా పెరుగుతూనే ఉంటుంది. షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ డేటాబేస్‌లో కనిపించే ఏజ్ వేరు, రూటింగ్ టేబుల్లో కనిపించే ఈ టైమ్ వేరు.

నేను చెప్పిన మూడో ఫోన్ సంగతి ఇది. ఒక క్లయింటుకి సిరిపురంలో మెయిన్ ఆఫీసు, ఊరంతా బ్రాంచీలు. గాజువాక బ్రాంచిలో బిల్లింగ్ నెమ్మదించిందని కంప్లయింట్. నైట్ డ్యూటీలో ఉన్న కుర్రాడు సిరిపురం రౌటర్లో టేబుల్ చూశాడు. దాదాపు అన్ని రూట్లకీ మూడు వారాల రెండు రోజులు. "సార్, ఏటో రూట్లు మూడు వారాల నుంచి అప్‌డేట్ అవ్వట్లేదండి" అని నాకు ఫోటో తీసి పంపాడు. నేను ఫోన్ చూసుకునేలోపే క్లియర్ ఐపీ ఓఎస్‌పీఎఫ్ ప్రాసెస్ కొట్టేశాడు. అన్నీ రీసెట్ చేయాలా అని రౌటర్ అడుగుతుంది, ఊరికే ఎంటర్ నొక్కితే వద్దు అన్నట్టే తీసుకుంటుంది. ఇతను యస్ అని టైప్ చేసి మరీ నొక్కాడు. నైబర్లన్నీ, అంటే దానితో ఓఎస్‌పీఎఫ్ మాట్లాడే పక్క రౌటర్లన్నీ పడిపోయాయి. ఒక్క గాజువాకలో నెమ్మదిగా నడుస్తున్న బిల్లింగ్ అన్ని బ్రాంచీల్లోనూ దాదాపు నిమిషం పాటు ఆగిపోయింది. తిరిగొచ్చాక గాజువాక మళ్లీ నెమ్మదే.

జవాబు అతను పంపిన ఫోటోలోనే ఉంది. అన్ని లైన్లూ మూడు వారాలు చూపిస్తుంటే గాజువాక సబ్‌నెట్ (ఆ బ్రాంచి నెట్‌వర్క్) లైను మాత్రం 00:22:41 చూపిస్తోంది, నెక్స్ట్ హాప్ (దారిలో తర్వాతి రౌటర్) కూడా వేరు. అంటే 22 నిమిషాల క్రితం మెయిన్ లింక్ పోయి ట్రాఫిక్ సన్నటి బ్యాకప్ మీదికి మళ్లింది. నెమ్మదించడానికి కారణం అదే. క్లియర్ కొట్టాక అన్ని లైన్లూ ఒకే టైమ్ చూపించాయి. ఆ ఫోటో లేకపోతే లింక్ ఎప్పుడు పోయిందో టేబుల్ చూసి చెప్పే దారే లేదు.

ఆ కుర్రాణ్ని నేను తిట్టలేదు. రాత్రి రెండు గంటలకి ఒంటరిగా కూర్చుని, అటు మేనేజర్ ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే చేతులు ఆగవు. నా కోపమంతా "డౌట్ వస్తే ఒకసారి క్లియర్ కొట్టెయ్" అని వాళ్లకి నేర్పే సీనియర్ల మీద.

అపోహ: క్లియర్ కొడితే పోయేదేముంది, మళ్లీ వస్తాయిగా.

రూట్లు వస్తాయి, టైమ్ రాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక ఊళ్లో లింకులు ఒక్కొక్కటే లేస్తున్న రోజులవి. మా రౌటర్ జనరేటర్ మీద నడుస్తోంది. గంటగంటకీ షో ఐపీ రూట్ కొట్టి, ఏ బ్రాంచి రూట్ పక్కన ఎంత టైమ్ ఉందో నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ని. ఒక లింకు గురించి "మొన్న పొద్దున్నే ఇచ్చేశాం" అని లైను ఇచ్చినవాళ్లు వాదించారు. టేబుల్లో ఆ రూట్ వయసు సరిగ్గా పంతొమ్మిది గంటలు. నోట్‌బుక్కు చూపిస్తే వాదన అక్కడితో ఆగింది. మధ్యలో ఎవరైనా క్లియర్ కొట్టి ఉంటే నా దగ్గర చూపించడానికి ఏమీ మిగిలేది కాదు.

అపోహ: రిప్ టైమర్లు ఇన్‌వాలిడ్ 180, హోల్డ్‌డౌన్ 180, ఫ్లష్ 240 సెకన్లు, అన్నీ కలిపితే పది నిమిషాలు.

కలపకూడదు. సిస్కో కంపెనీ రౌటర్లలో ఇన్‌వాలిడ్, ఫ్లష్ రెండూ చివరి అప్‌డేట్ నుంచే మొదలవుతాయి. 180 దగ్గర రూట్ చెల్లదు, 240 దగ్గర టేబుల్లోంచే పోతుంది. 180 దగ్గర మొదలైన హోల్డ్‌డౌన్ (ఆ రూట్ గురించి కొత్త మాట వెంటనే నమ్మకుండా ఆగే సమయం) పూర్తయ్యేలోపే ఫ్లష్ వచ్చేస్తుంది. ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2453లో మాత్రం 180 తర్వాత ఇంకో 120, మొత్తం 300. వేరే కంపెనీ రౌటర్ పక్కన పెట్టినప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

మిగతావి గబగబా. స్టాటిక్, కనెక్టెడ్ రూట్ల పక్కన టైమ్ లేకపోవడం లోపం కాదు, వాటిని ఎవరూ నేర్పలేదు కాబట్టి ఉండదు. ఓఎస్‌పీఎఫ్ టైమ్ సున్నాకి వచ్చినంత మాత్రాన లింక్ పడిందని కాదు, ఎవరో కాస్ట్ (దారి ఎంచుకోడానికి లింకుకి ఇచ్చే విలువ) మార్చినా అలాగే వస్తుంది. రిప్ టైమర్లు ఒక రౌటర్లోనే మార్చకండి. పక్క రౌటర్ బతికే ఉందో లేదో చూసే హలో, డెడ్ టైమర్లు కలవకపోతే ఓఎస్‌పీఎఫ్ నైబరే అవ్వదు, తప్పు వెంటనే కనబడుతుంది. రిప్ మాత్రం నోరెత్తదు, రూట్లు వస్తూ పోతూ ఉంటాయి. ప్రస్తుతం ఏ టైమర్లు నడుస్తున్నాయో, తర్వాతి అప్‌డేట్ ఎన్ని సెకన్లలో ఉందో షో ఐపీ ప్రోటోకాల్స్ చెబుతుంది.

ఈ రాత్రి డ్యూటీలో ఉండి ఇది చదువుతుంటే, భయం వేసినప్పుడు ముందు షో ఐపీ రూట్ మొత్తం ఒక ఫైల్లో సేవ్ చెయ్యండి. అక్షరం చూడండి. మిగతావాటితో టైమ్ కలవని లైను ఏదో వెతకండి. ఆ ఫైలు పంపి సీనియర్‌కి ఫోన్ చెయ్యండి, ఎంత రాత్రయినా సరే. గాజువాక ఫోటో పంపిన కుర్రాడు ఇప్పుడు అదే చేస్తున్నాడు. మొన్న ఆదివారం పంపిన ఫైల్లో 00:07:12 ఉన్న లైను కింద తనే గీత గీసి పంపాడు.