ఆరు అపాచీల వెనక నలభై ఏళ్ళ తగాదా

అపాచీ అంటే అమెరికా కంపెనీ బోయింగ్ చేసే అటాక్ హెలికాప్టర్. 2025 డిసెంబర్‌లో వాటిలో చివరి మూడు ఢిల్లీ పక్కనున్న హిండన్‌లో దిగాయి. దాంతో మన ఆర్మీ ఆర్డర్ ఇచ్చిన ఆరూ చేతికొచ్చినట్టయింది. టీవీల్లో రెండు రోజులు హడావుడి నడిచింది, ఎడారి ఇసుక రంగు వేసిన ఆ యంత్రాల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి, అంతటితో సరి. అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు. ఎయిర్‌ఫోర్స్ కోసం ఇవే అపాచీలు 22 ఎప్పుడో కొన్నాం కదా, మళ్ళీ ఆర్మీ విడిగా ఆరు కొనుక్కోవడమేంటి? పోనీ కొన్నది ఆరేనా?

దీనికి జవాబు అమెరికాలో లేదు, మన సౌత్ బ్లాక్‌లోనే, అంటే రక్షణ శాఖలోనే ఉంది. అది కూడా 1980ల నాటి ఫైళ్ళలో.

ఆర్మీకి విమానాలు నడపడం కొత్తేమీ కాదు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల నుంచీ ఫిరంగి దళం ఆఫీసర్లే చిన్న చిన్న విమానాలు ఎక్కి, గుండ్లు ఎక్కడ పడుతున్నాయో పైనుంచి చూసి కింద ఉన్నవాళ్ళకు చెప్పేవాళ్ళు. ఎయిర్ ఓపీ అనేవారు దాన్ని. ఆ విభాగాన్ని పెంచి, సొంత గుర్తింపు ఇచ్చి, 1986 నవంబర్ 1న ఆర్మీ ఏవియేషన్ కోర్ ఏర్పాటు చేశారు. చీతా, చేతక్ లాంటి తేలికపాటి హెలికాప్టర్లు వాళ్ళకు ఇచ్చారు. అటాక్ హెలికాప్టర్లు మాత్రం ఇవ్వలేదు. అప్పటికే, 1983లో, సోవియట్ మీ-25 అటాక్ హెలికాప్టర్లతో ఎయిర్‌ఫోర్స్ 125వ స్క్వాడ్రన్ మొదలైపోయింది, ఆ తర్వాత మీ-35లు కూడా వాళ్ళ దగ్గరికే వచ్చాయి.

మధ్యేమార్గంగా ఒక ఏర్పాటు చేశారు. హెలికాప్టర్లు ఎయిర్‌ఫోర్స్‌వి, పైలట్లు వాళ్ళవాళ్ళే, రిపేర్లూ వాళ్ళే చూసుకుంటారు, యుద్ధంలో ఎక్కడ వాడాలో మాత్రం ఆర్మీ చెబుతుంది. బండి మాది, డ్రైవర్ మావాడు, ఎటు పోవాలో మీరు చెప్పండి అన్నట్టు. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ ట్యాంకుల దండుతో కలిసి కదలాల్సిన పైలట్ ఆ దండు కమాండర్‌తో ఏడాది పొడవునా కలిసి తిరగకపోతే, వాళ్ళ మ్యాపులూ వాళ్ళ భాషా అతనికి అలవాటు కాకపోతే, యుద్ధం రోజున సాయం ఆలస్యంగా వస్తుందన్నది ఆర్మీ వాదన. ఎయిర్‌ఫోర్స్ వాదన కూడా కొట్టిపారేసేది కాదు. గాల్లో ఎగిరేవన్నీ ఒకే చేతి కింద ఉంటేనే ఎక్కడ అవసరమైతే అక్కడికి తిప్పగలం, ట్రైనింగూ విడిభాగాలూ రెండేసి చోట్ల పెట్టుకోవడం దండగ అని వాళ్ళు అనేవారు.

పక్కదేశాన్ని చూస్తే ఆర్మీకి ఇంకా మండేది. పాకిస్తాన్ 1980ల్లో అమెరికా నుంచి కోబ్రా అటాక్ హెలికాప్టర్లు తెచ్చుకుని నేరుగా తన ఆర్మీకే ఇచ్చింది. అమెరికాలోనూ అంతే, అపాచీలు అక్కడి ఆర్మీవే. అసలు అపాచీ పుట్టిందే అలాంటి తగాదాలోంచి అనొచ్చు. 1947లో అమెరికా ఎయిర్‌ఫోర్స్ వేరుపడ్డాక ఆయుధాలున్న విమానాలు ఆర్మీ చేతిలోంచి పోయాయి, దాంతో వాళ్ళ దృష్టంతా హెలికాప్టర్ల మీదికి మళ్ళింది. 1967లో వియత్నాంలో కోబ్రాను దింపారు. ఆ తర్వాత యూరప్‌లో సోవియట్ ట్యాంకులను ఆపడానికి ఏదైనా కావాలని వెతికి వెతికి అపాచీ దగ్గర తేలారు. 1975లో మొదటిసారి ఎగిరింది, 80ల మధ్యలో దళాల్లోకి వచ్చింది. ముందు సీట్లో గన్నర్, వెనక సీట్లో పైలట్, ముక్కు కింద 30 మిల్లీమీటర్ల తుపాకీ, రెక్కల కింద ట్యాంకులను పేల్చే 16 హెల్‌ఫైర్ మిస్సైళ్ళు. ఈ రూపురేఖలు అప్పటి నుంచీ పెద్దగా మారలేదు, లోపలి ఎలక్ట్రానిక్స్ మాత్రం ఆసాంతం మారిపోయాయి.

మళ్ళీ మన కథకొద్దాం. 1999లో కార్గిల్. మే 28న తోలోలింగ్ దగ్గర ఎయిర్‌ఫోర్స్ మీ-17 ఒకదాన్ని భుజం మీద నుంచి పేల్చే మిస్సైల్‌తో కూల్చేశారు, లోపలున్న నలుగురూ చనిపోయారు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే మీ-17 సామాన్లు, మనుషుల్ని మోసే హెలికాప్టర్. దానికి రాకెట్లు కట్టి దాడికి పంపాల్సి వచ్చిందంటే, అసలు దాడి కోసమే కొన్న మీ-25, మీ-35లు ఆ ఎత్తుకు పనికిరాలేదు కాబట్టే. అంత బరువున్నవి ఆ పల్చటి గాలిలో ఆయుధాలతో ఎగరలేవు. మన సొంత తేలికపాటి అటాక్ హెలికాప్టర్ ఆలోచనకు బీజం పడింది అక్కడే. 2006లో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ ప్రకటించింది, 2010 మార్చిలో బెంగళూరులో మొదటిసారి ఎగిరింది, 2022 అక్టోబర్‌లో జోధ్‌పూర్‌లో 'ప్రచండ్' అన్న పేరుతో ఎయిర్‌ఫోర్స్‌లో చేరింది. కార్గిల్ నుంచి లెక్కేస్తే 23 ఏళ్ళు. మన దగ్గర ఇది మరీ అసాధారణం కాదు, అదే బాధ.

ఈలోగా పాత మీ-35ల స్థానంలో ఏం కొనాలన్న పోటీ జరిగింది. రష్యా మీ-28, అమెరికా అపాచీ తలపడితే అపాచీ గెలిచింది. ఇంకా సంతకాలు కూడా కాకముందే, ఇవి ఎవరివి అని గొడవ మొదలైంది. అప్పటి ఎయిర్‌ఫోర్స్ అధిపతి బ్రౌన్ బహిరంగంగానే అన్నారు, ఇలా ఎవరికివారు చిన్న చిన్న వైమానిక దళాలు పెంచుకుంటూ పోతే కుదరదని. 2012 అక్టోబర్‌లో రక్షణ శాఖ తీర్పు చెప్పింది. ఇకముందు కొనే అటాక్ హెలికాప్టర్లు ఆర్మీవి, ఈ 22 మాత్రం ఎయిర్‌ఫోర్స్‌వే. ఇద్దరినీ నొప్పించకుండా చెప్పిన తీర్పు. ఇలాంటివాటితో వచ్చే చిక్కేంటంటే బిల్లు మాత్రం రెండుసార్లు కట్టాలి.

2015 సెప్టెంబర్‌లో 22 అపాచీలకు, వాటితోపాటు బరువులు మోసే 15 చినూక్ హెలికాప్టర్లకు ఒప్పందం కుదిరింది. 2019 సెప్టెంబర్ 3న పఠాన్‌కోట్‌లో మొదటి ఎనిమిది సర్వీసులో చేరాయి, 2020 జులై నాటికి అన్నీ వచ్చేశాయి. వాటిని తీసుకున్న మొదటి స్క్వాడ్రన్ ఏదనుకున్నారు? 1983లో మీ-25లతో మొదలైన ఆ 125వదే.

ఆర్మీ అడిగింది మూడు స్ట్రైక్ కోర్‌లకు, అంటే శత్రువు భూభాగంలోకి దూసుకెళ్ళే పెద్ద దళాలకు, మూడు స్క్వాడ్రన్లు, మొత్తం 39. 2015 ఒప్పందంలో ఇంకో 11 అదనంగా కొనుక్కునే వెసులుబాటు ఉంది, కనీసం అవైనా ఇస్తారనుకున్నారు. 2017 ఆగస్టులో మంజూరైంది ఆరు, విలువ 4,168 కోట్లు. 2020 ఫిబ్రవరిలో ట్రంప్ వచ్చినప్పుడు, నేవీకి 24 హెలికాప్టర్లతో కలిపి 300 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఒప్పందాల్లో భాగంగా వీటిని ప్రకటించారు. 39 అడిగితే ఆరు. ఆర్మీకి యాజమాన్యం అన్న మాట దక్కింది, బలగం దక్కలేదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అసలు విషయం ఇదే.

ఇక డెలివరీ సంగతి. 2024 మార్చి 15న జోధ్‌పూర్‌లోని నాగతలావ్‌లో 451వ ఆర్మీ ఏవియేషన్ స్క్వాడ్రన్‌ను ఏర్పాటు చేశారు. పైలట్లున్నారు, టెక్నీషియన్లున్నారు, షెడ్డు ఉంది. హెలికాప్టర్లే లేవు. ఆ ఏడాది మే, జూన్‌లలో వస్తాయన్నవి డిసెంబర్‌కు జరిగాయి, డిసెంబర్ కూడా దాటిపోయింది, సరఫరా గొలుసులో ఇబ్బందులని చెప్పారు. మే 2025లో పాకిస్తాన్‌తో ఆపరేషన్ సిందూర్ జరిగినప్పుడు, ఎడారి సరిహద్దులో ట్యాంకుల కోసమే పెట్టిన ఆ స్క్వాడ్రన్ దగ్గర ఒక్క అపాచీ లేదు. చివరికి 2025 జులై 22న మొదటి మూడు వచ్చాయి, ఆంటోనోవ్ అనే పెద్ద కార్గో విమానంలో, బ్లేడ్లు విప్పి సర్ది. దిగింది హిండన్‌లో, అంటే ఎయిర్‌ఫోర్స్ స్థావరంలో. ఆర్మీవాళ్ళు నవ్వుకున్నారో లేదో గానీ నాకైతే నవ్వొచ్చింది.

రెండో విడత ఇంకా విచిత్రం. నవంబర్ మొదట్లో మూడింటినీ ఎక్కించుకుని అమెరికా నుంచి బయల్దేరిన విమానం ఇంగ్లాండ్ దాకా వచ్చి, అక్కడ వారం రోజులు ఆగి, వెనక్కి వెళ్ళిపోయింది. టర్కీ తన గగనతలం మీదుగా పోనివ్వలేదని వార్తలొచ్చాయి, బోయింగ్ మాత్రం రవాణా ఇబ్బందులని సరిపెట్టింది. డిసెంబర్‌లో మళ్ళీ బయల్దేరితే అప్పుడు చేరాయి. ప్రకటన నాటి నుంచి లెక్కేస్తే ఆరు హెలికాప్టర్లకు దాదాపు ఆరేళ్ళు.

మనవాళ్ళకు ఇందులో ఒక సంబంధం ఉంది. అపాచీ బాడీ, అంటే ఫ్యూజలేజ్, తయారయ్యేది హైదరాబాద్ శివార్లలో, రంగారెడ్డి జిల్లా ఆదిభట్లలో. టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీని 2018 మార్చిలో ప్రారంభించారు, ఆ జూన్‌లోనే మొదటి బాడీ బయటికొచ్చింది, 2025 నాటికి 300 దాటాయి. అవి అరిజోనాలోని మెసాకు వెళ్తాయి. ఇంజన్లు, రోటర్లు, రాడార్లు, ఆయుధాలు అన్నీ అక్కడే బిగిస్తారు. మన ఆర్మీ అపాచీల కోసం మొదటి బాడీ 2023 జనవరిలో ఆదిభట్ల నుంచి అప్పగించారు. అంటే ఇంటి పక్క తయారైన బాడీ సముద్రాలు దాటి వెళ్ళి, పూర్తి హెలికాప్టరై తిరిగి రావడానికి రెండున్నరేళ్ళు పట్టిందన్నమాట. 'మేకిన్ ఇండియా' అని చప్పట్లు కొట్టేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, బాడీ మనం చేసినంత మాత్రాన డెలివరీ తేదీ మన చేతిలో ఉండదు.

ఇప్పుడు కొందరు వేస్తున్న ప్రశ్న, అసలు ఈ రోజుల్లో అటాక్ హెలికాప్టర్లు అవసరమా అని. ఉక్రెయిన్‌లో రష్యా అటాక్ హెలికాప్టర్లు కేఏ-52లు బోలెడు కూలాయి. జపాన్ 2022లోనే తన అటాక్ హెలికాప్టర్లను తీసేసి డ్రోన్ల వైపు వెళ్తానని నిర్ణయించుకుంది. అయితే అదే ఉక్రెయిన్‌లో 2023 వేసవిలో ముందుకొస్తున్న ట్యాంకులను దూరం నుంచి మిస్సైళ్ళతో ఆపింది కూడా ఆ కేఏ-52లే. కాబట్టి ఎడారిలో వీటికి పని ఉంది. కొండల్లో అయితే వేరే లెక్క, 2024 ఏప్రిల్‌లో లద్దాఖ్‌లో శిక్షణలో ఉన్న ఎయిర్‌ఫోర్స్ అపాచీ ఒకటి ఎత్తైన చోట అత్యవసరంగా దిగి దెబ్బతింది. పది టన్నుల యంత్రానికి ఆ గాలి చాలదు.

అక్కడికి ప్రచండ్ ఉంది, ఆరు టన్నుల లోపు. 2025 మార్చి 28న 156 ప్రచండ్‌లకు 62,700 కోట్ల ఒప్పందం చేశారు, అందులో 90 ఆర్మీకి, 66 ఎయిర్‌ఫోర్స్‌కు. ఆరు అపాచీల కోసం పడ్డ పాట్లన్నీ చూశాక ఈ 90 అన్న అంకె చూస్తే, ఆర్మీ నలభై ఏళ్ళుగా అడుగుతున్నది దొరికింది ఇక్కడేనని అర్థమవుతుంది. కాకపోతే మెలిక ఉంది. ప్రచండ్ దళాల్లో చేరినప్పుడు తుపాకీ, రాకెట్లు ఉన్నాయి గానీ ట్యాంకుల మీద వేసే గైడెడ్ మిస్సైల్ దానికి అమర్చలేదు. ఆ మిస్సైల్ హెలీనా, తయారుచేసింది మన హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ల్యాబ్ డీఆర్‌డీఎల్ వాళ్ళే. కొత్త ఒప్పందం కింద డెలివరీలు మొదలయ్యేది మూడో ఏట నుంచి. అప్పటిదాకా ఎడారిలో ఆర్మీ సొంత అపాచీ బలం ఆ ఆరే, అందులో ఒకటో రెండో ఎప్పుడూ సర్వీసింగ్‌లో ఉంటాయి కాబట్టి ఎగరగలిగేవి నాలుగనుకోండి.