మామోగ్రామ్ తర్వాత మళ్లీ రమ్మన్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) లాంటి రొమ్ము స్కాన్లు చూసి రిపోర్టు రాయడం నా పని. "ఇంకో పరీక్ష చేయాలి, ఒకసారి రండి" అని ఫోన్ వెళ్లగానే చాలామంది తమకు క్యాన్సరే అని నమ్మేస్తారు. నిద్ర లేకుండా, అన్నం తినకుండా వస్తారు. అంత భయపడాల్సిన అవసరం చాలామందికి ఉండదు.

అపోహ: మళ్లీ పిలిచారంటే క్యాన్సర్ కనిపించినట్టే.

వాస్తవం: ఏ లక్షణాలూ లేకుండా ముందుజాగ్రత్తగా మామోగ్రామ్ చేయించుకుని, మళ్లీ పిలుపు అందుకున్నవారిలో పదిమందికి ఒకరి కంటే తక్కువమందికే క్యాన్సర్ అని తేలుతుంది. మామోగ్రామ్‌లో మామూలు కణజాలమే ఒకదాని మీద ఒకటి పడి గడ్డలా కనిపిస్తుంటుంది. ఆ చోటును మాత్రమే నొక్కి మళ్లీ తీస్తే చాలాసార్లు అది విడిపోయి మాయమవుతుంది. లేదంటే అల్ట్రాసౌండ్ చేసి, అది నీటితిత్తో గట్టి గడ్డో చూస్తాం.

మీ రిపోర్టులో 'బైరాడ్స్' అంకె ఉంటుంది, స్కాన్‌లో కనిపించినదాని మీద ఎంత అనుమానం ఉందో చెప్పేది అదే. సున్నా అంటే ఇంకా చూడాల్సింది ఉందని మాత్రమే. 3 అయితే క్యాన్సర్ అవకాశం 2 శాతానికి మించదు, సాధారణంగా ఆరు నెలలకు మళ్లీ చూస్తాం. 4 చూడగానే కుంగిపోకండి. ఆ ఒక్క అంకె కిందే 2 నుంచి 95 శాతం వరకు అవకాశం ఉన్నవన్నీ వస్తాయి. అందుకే మీది 4ఏ, 4బీ, 4సీలలో (ఏ నుంచి సీకి అనుమానం పెరుగుతుంది) ఏదో తప్పకుండా అడగండి.

అపోహ: సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఈ మాటే. దీన్ని నమ్మి నెలల తరబడి బయాప్సీ (గడ్డ నుంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం) వాయిదా వేసుకునేవాళ్లున్నారు. సూది బయాప్సీ వల్ల జబ్బు ముదురుతుందనో, ఆయుష్షు తగ్గుతుందనో ఆధారం లేదు. మత్తు ఆ చోటుకే ఇస్తాం, చాలామంది అదే రోజు ఇంటికెళ్లిపోతారు. బయాప్సీ చేసిన గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఒకవేళ అయినా, అది హార్మోన్లకు స్పందించే రకమా, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకమా అన్నది ఆ ముక్కను పరీక్షిస్తేనే తెలుస్తుంది. అది తెలియకుండా సరైన మందు ఎంచుకోలేం.

అపోహ: నొప్పి లేదు, మా వంశంలో ఎవరికీ లేదు, నాకెందుకు వస్తుంది?

వాస్తవం: మొదట్లో చాలా క్యాన్సర్ గడ్డలకు నొప్పి ఉండదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారిలో ఎక్కువమందికి కుటుంబ చరిత్రే లేదు.

అపోహ: మామోగ్రామ్ నార్మల్ వచ్చింది కాబట్టి చేతికి తగిలే గడ్డను వదిలేయొచ్చు.

వాస్తవం: వదిలేయకూడదు. కణజాలం దట్టంగా ఉన్న రొమ్ము మామోగ్రామ్‌లో తెల్లగా కనిపిస్తుంది, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. తెలుపులో తెలుపు కలిసిపోయి మా కంటికి అందకపోవచ్చు. చేతికి గడ్డ తగులుతుంటే రిపోర్టులో ఏం రాసినా అల్ట్రాసౌండ్ గురించి పట్టుబట్టి అడగండి.

పరీక్షకు వచ్చేటప్పుడు పాత ఫిల్ములు, సీడీలు తెచ్చుకోండి. పాతదానితో పోల్చి చూస్తే కొన్నిసార్లు బయాప్సీయే అక్కర్లేకపోవచ్చు. మామోగ్రామ్ రోజు చంకల్లో పౌడరు, డియోడరెంటు వద్దు, అవి ఫిల్ములో చుక్కల్లా పడతాయి. బయాప్సీ అయితే, ఫలితం ఏ రోజు వస్తుందో, ఎవరు చెబుతారో అక్కడి నుంచి బయల్దేరేలోపే అడిగి రాసుకోండి.